టీపాయ్ క్లాత్ గిన్నెలా ఎందుకు లేస్తోంది? అల్లికల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా క్రోషియా (కొక్కెం ఉన్న ఒకే సూదితో, అంటే హుక్కుతో అల్లే పని) మీదే, మిగతావి ఊలు అల్లికల మీద. ఒకేలాంటి ప్రశ్నలు ఒకచోట కలిపేసి రాస్తున్నాను. ఏం అల్లాలి అన్నదాని కంటే ఏ దారంతో అల్లాలి అన్నదే చాలామందిని ఇబ్బంది పెడుతున్నట్టుంది, అందుకే దారం సంగతి మళ్ళీ మళ్ళీ వస్తుంది, విసుక్కోకండి.

ప్రశ్న: పిల్లలు స్కూలుకి వెళ్ళాక మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరుకుతుందండి. ఏదైనా అల్లిక నేర్చుకుందామని ఉంది. క్రోషియా మొదలుపెట్టాలా, రెండు సూదులతో అల్లేదా? షాపులో రకరకాల దారాలు చూపిస్తున్నారు, ఏం కొనాలో తెలీక ఉత్తచేతులతో వచ్చేశాను. (కరీంనగర్ నుంచి)

జవాబు: క్రోషియాతోనే మొదలుపెట్టండమ్మా. ఇందులో హుక్కు మీద ఎప్పుడూ ఒకటే లూపు మిగుల్తుంది, కుక్కర్ విజిల్ వేసిందనో కొరియర్ అబ్బాయి వచ్చాడనో మధ్యలో లేవాల్సి వచ్చినా ఆ ఒక్క లూపు కాస్త పెద్దగా లాగి పెట్టేసి వెళ్ళిపోవచ్చు, తప్పు పోతే దారం పట్టుకుని లాగారంటే ఎక్కడిదాకా కావాలంటే అక్కడిదాకా ఊడి వస్తుంది. రెండు సూదుల అల్లికలో వరసలో ఉన్న కుట్లన్నీ సూది మీదే ఉంటాయి, ఒక్కటి జారిందంటే కింది వరసలు కూడా విడిపోతూ పోతాయి, కొత్తల్లో అది చూస్తే ఏడుపొస్తుంది. అది తర్వాత నేర్చుకోవచ్చు.

కొనాల్సింది చాలా తక్కువ. 4 మి.మీ. అల్యూమినియం హుక్కు ఒకటి, మధ్యరకం లావున్న కాటన్ దారం ఉండలు రెండు, దారం కొసలు లోపలికి దాచడానికి పెద్ద కన్నున్న మొద్దు సూది ఒకటి. అంతే. కిట్ అని ముప్ఫై హుక్కులున్న డబ్బా అంటగడతారు, వద్దనండి. దారం మాత్రం లేత రంగులో తీసుకోండి, లేత పసుపో క్రీమో. నలుపు, నేవీ బ్లూ ఎంత ముచ్చటగా ఉన్నా కుట్టు ఎక్కడుందో కనపడదు, కొత్తవాళ్ళు మానేసేది చాలాసార్లు ఆ రంగు వల్లే. లేసు దారం, సన్న స్టీలు హుక్కులూ ఇప్పుడే వద్దు.

మొదటి వస్తువు స్కార్ఫ్ అని అందరూ అంటారు, నేను అనను. బారెడు పొడుగు అల్లేసరికి విసుగొస్తుంది, అయ్యాక మన ఎండల్లో అది కట్టుకునేదెక్కడ? వంటింట్లో గట్టు తుడుచుకునే చిన్న గుడ్డ అల్లండి. 31 చెయిన్లు (లూపులోంచి లూపు లాగుతూ వేసే గొలుసు కుట్లు) వేసి, హుక్కు పక్కనున్న చెయిన్ వదిలేసి రెండో దాంట్లోంచి సింగిల్ క్రోషే (మామూలు పొట్టి కుట్టు) మొదలుపెడితే వరసకి 30 కుట్లు వస్తాయి. వరస అయ్యాక ఒక చెయిన్ వేసి, పని తిప్పి, మళ్ళీ 30. ఇలా చతురస్రం అయ్యేదాకా అల్లుకుంటూ పోవడమే, ఏడెనిమిది అంగుళాల గుడ్డ తయారవుతుంది. వంకరగా వచ్చినా వాడుకోవచ్చు, కాటన్ కాబట్టి నీళ్ళు పీల్చుతుంది, రోజూ ఉతుక్కోవచ్చు.

ఒక్క జాగ్రత్త చెప్తాను. మొదట్లో అందరూ చెయిన్ బిగించేస్తారు, తర్వాత వరసలో హుక్కు దూరక తిప్పలు పడతారు. ఎడమ చేతి చిటికెన వేలికి దారం ఒక చుట్టు చుట్టి, మధ్య వేళ్ళ కిందుగా తీసుకొచ్చి, చూపుడు వేలి మీదుగా వదలండి. వేలు పైకెత్తితే దారం బిగుసుకోవాలి, దించితే వదులవ్వాలి. అప్పటికీ చెయిన్ బిగుతుగానే వస్తుంటే ఆ మొదటి చెయిన్ వరకూ 5 మి.మీ. హుక్కుతో వేసుకుని తర్వాత 4కి మారండి.

ప్రశ్న: చతురస్రం అల్లుదామని కూర్చుంటే ప్రతిసారీ పైకి వెళ్ళేకొద్దీ సన్నబడిపోయి సమోసాలా తయారవుతోంది. ఎక్కడ తప్పు? (ఒంగోలు)

జవాబు: అంచుల్లో. వరస చివరి కుట్టు మీరు వదిలేస్తున్నారు. చివరి కుట్టు పక్కకి ఒరిగిపోయి ఉంటుంది, కంటికి ఆనదు, అక్కడే ఒకటి తగ్గిపోతుంది. రెండు వైపులా వరసకొకటి తగ్గితే పది వరసలయ్యేసరికి మీరు చెప్పిన ఆకారమే.

డబుల్ క్రోషే (సింగిల్ కంటే ఎత్తుగా వచ్చే కుట్టు) అల్లుతుంటే ఇంకో మెలిక ఉంది. వరస మొదట్లో వేసే 3 చెయిన్లు మామూలుగా ఒక డబుల్ కింద లెక్క, కాబట్టి తర్వాతి వరస చివర్లో ఆ మూడు చెయిన్ల నెత్తి మీద కూడా ఒక డబుల్ పడాలి. అది మర్చిపోతే తగ్గుతుంది, ఆ చెయిన్ల మొదట్లోనే ఇంకో డబుల్ కూడా వేసేస్తే పెరుగుతుంది. సింగిల్ క్రోషేలో వేసే ఒక్క చెయిన్‌ని మాత్రం కుట్టుగా లెక్కపెట్టకండి.

ప్రతి వరసలో మొదటి కుట్టుకీ చివరి కుట్టుకీ వేరే రంగు దారం ముక్క గానీ పిన్నీసు గానీ తగిలించండి, ప్రతి వరసకీ పైకి మార్చుకుంటూ పొండి. వరస అయ్యాక ఒకసారి లెక్కపెట్టుకోండి. లెక్కపెట్టడానికి అర నిమిషం పడుతుంది, ఊడదీసి మళ్ళీ అల్లడానికి మధ్యాహ్నమంతా పడుతుంది.

ప్రశ్న: టీపాయ్ మీదకి గుండ్రని క్లాత్ అల్లుతున్నా. నాలుగో చుట్టు నుంచి అంచులు పైకి లేచి గిన్నెలా అవుతోంది. మా తోటికోడలు అల్లితే దానికి అంచంతా అలలు అలలుగా వస్తోంది. ఇద్దరిదీ ఒకటే దారం, ఒకటే హుక్కు. (రాజమండ్రి)

జవాబు: మీరు కుట్లు తక్కువ పెంచుతున్నారు, ఆవిడ ఎక్కువ పెంచుతున్నారు. గుండ్రంగా అల్లేటప్పుడు చుట్టు పెద్దదయ్యేకొద్దీ కుట్లు కూడా ఒక లెక్క ప్రకారం పెరగాలి. సరిపడా పెరక్కపోతే అంచు లోపలికి లాగేస్తుంది, మరీ ఎక్కువైతే అంచుకి చోటు చాలక మడతలు పడుతుంది.

సింగిల్ క్రోషే అయితే 6 లెక్క. మొదటి చుట్టులో 6 కుట్లు. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తే 12. మూడో చుట్టులో ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు, ఇలా తిరిగితే 18. నాలుగులో రెండు మామూలువి, మూడోదాంట్లో జంట, 24. ఐదులో మూడు మామూలువి, తర్వాత జంట, 30. ఎన్ని చుట్లు పోయినా చుట్టుకి ఆరే పెరగాలి. డబుల్ క్రోషే కుట్టు ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కడ 12తో మొదలుపెట్టి చుట్టుకి పన్నెండు పెంచాలి, అంటే 12, 24, 36, 48. మీరు డబుల్స్ వేస్తూ ఆరు లెక్కే పట్టుకున్నట్టున్నారు, అందుకే గిన్నె.

ఈ లెక్క కూడా చేతిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. బిగుతుగా అల్లేవాళ్ళకి లెక్క సరిగ్గా ఉన్నా కొంచెం లేస్తుంది, వాళ్ళు హుక్కు అర మి.మీ. పెద్దది తీసుకుంటే సరిపోతుంది. ఒకటి రెండు చుట్లకోసారి బల్ల మీద పరిచి చూసుకోండి, ఒడిలో పెట్టుకుని చూస్తే తెలీదు. పెంచే కుట్లు ప్రతి చుట్టులో ఒకదాని మీద ఒకటి పడితే గుండ్రం పోయి ఆరు మూలలు తేలతాయి, కాబట్టి ఒక చుట్టులో జంటతో మొదలుపెడితే తర్వాత చుట్టులో రెండు మూడు కుట్లయ్యాక వేయండి. గిన్నెలా లేచినదాన్ని మాత్రం పారేయకండి, అలాగే పైకి అల్లేస్తే తాళాలు, రబ్బరు బ్యాండ్లు వేసుకునే బుట్ట అవుతుంది. బుట్ట అల్లేవాళ్ళు కావాలనే అక్కడ పెంచడం ఆపేస్తారు.

ప్రశ్న: మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి మాతో ఉంటున్నారు, ఇక్కడ కొన్న పుస్తకం చూసి షాల్ అల్లితే పొట్టిగా గట్టిగా వచ్చింది. వీడియోల్లో చూపించేది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఇంకోటి. ఆవిడకేమో నాలుగు దశాబ్దాల చేయి. (ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి)

జవాబు: అత్తయ్యగారి చేతిలో ఏ తప్పూ లేదండి, పేర్ల దగ్గర వచ్చిన గొడవ ఇది. అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్ వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. అమెరికా వాళ్ళ డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్. ఒక్కో మెట్టు పక్కకి జరిగి ఉంటుంది. మీ పుస్తకం అమెరికాదై ఉండి ఆవిడ బ్రిటన్ లెక్కలో అల్లితే డబుల్ అన్న ప్రతిచోటా పొట్టి కుట్టు పడుతుంది, షాల్ మందంగా పొట్టిగా వస్తుంది. పుస్తకంలో ఎక్కడైనా సింగిల్ క్రోషే అన్న మాట కనిపిస్తే అది అమెరికా పద్ధతి, ఎందుకంటే బ్రిటన్ పద్ధతిలో ఆ పేరుతో కుట్టు లేదు. ఈ పేజీలో నేను రాసేవన్నీ అమెరికా పేర్లే.

రెండు సూదులు కొనేటప్పుడు కూడా ఇదే చూసుకోవాలి. మన దగ్గర పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తాయి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 8 నంబరు అంటే 4 మి.మీ., 10 అంటే 3.25. అమెరికాలో నంబరు పెరిగితే సూది లావు, అక్కడి 8 నంబరు 5 మి.మీ. ఎవరితోనైనా తెప్పించుకుంటే నంబరు చెప్పకుండా మిల్లీమీటర్లలో చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయికి డిసెంబర్‌లో డెలివరీ. మాది ఆదిలాబాద్, చలి తెలుసు కదా. పుట్టబోయే బిడ్డకి నా చేత్తో కుల్లాయి అల్లాలని ఉంది. రెండు సూదుల అల్లికలో నిట్, పర్ల్ (సూటి కుట్టు, తిరగ కుట్టు) రెండూ వచ్చు, అంతకు మించి రాదు. (కాబోయే అమ్మమ్మ)

జవాబు: ముందుగా శుభాకాంక్షలు వదినగారూ! ఆ రెండు కుట్లూ వస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు.

బేబీ ఊలు అని అడిగి మెత్తటిది తీసుకోండి, మెడ పక్కన గానీ ముంజేతి లోపల గానీ రాసి చూడండి, మీకు గుచ్చుకుంటే బిడ్డకీ గుచ్చుకుంటుంది. 8 నంబరు సూదులు. ముందు చిన్న ముక్క అల్లి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వస్తున్నాయో కొలవండి, ఈ కొలత మానేస్తే కుల్లాయి తాతగారికి సరిపోతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత మామూలుగా 35 సెం.మీ. దగ్గర్లో ఉంటుంది, కుల్లాయి సాగుతుంది కాబట్టి రెండు సెంటీమీటర్లు తగ్గించి 33కి అల్లాలి. మీకు పదికి 22 కుట్లు వస్తే 33కి 72 దాకా అవుతాయి, లెక్క చక్కగా కుదురుతుంది.

72 కుట్లు ఎక్కించి, రెండు నిట్ రెండు పర్ల్ చొప్పున 4 సెంటీమీటర్లు అంచు వేయండి. అంచు మానేసి నేరుగా మొదలుపెడితే ఒక వరస నిట్ ఒక వరస పర్ల్ అల్లిక కొసన చుట్టలు చుట్టుకుపోతుంది, ఆ అల్లిక గుణమే అంత, ఇస్త్రీ చేసినా ఆగదు. అంచు తర్వాత ఒక వరస నిట్, ఒక వరస పర్ల్‌గా, మొత్తం 11 సెంటీమీటర్లు అయ్యేదాకా. ఇప్పుడు పైభాగం. ఆరు కుట్లు నిట్ చేసి తర్వాతి రెండూ కలిపి ఒకటిగా, వరసంతా అలాగే, 63 మిగులుతాయి. వెనక్కి పర్ల్ వరస. తర్వాత ఐదు నిట్, రెండు కలిపి ఒకటి, 54. మళ్ళీ పర్ల్. ఇలా తగ్గించుకుంటూ 9 కుట్లు మిగిలాక దారం బారెడు వదిలి కత్తిరించి, సూదిలో ఎక్కించి, ఆ తొమ్మిదింట్లోంచీ దూర్చి బిగించండి. అదే దారంతో వెనక పక్క కుట్టేస్తే అయిపోయినట్టే.

బొత్తాలు, పూసలు, గడ్డం కింద కట్టే తాళ్ళు పెట్టకండి. రంగు మార్చినచోట లోపల వేలాడే దారాలు ఉండకూడదు, మేజోళ్ళు అల్లితే మరీ జాగ్రత్త, బిడ్డ కాలివేలికి దారం చుట్టుకుని బిగుసుకుంటే పెద్దవాళ్ళకి వెంటనే తెలీదు. కుల్లాయి బయటికి తీసుకెళ్ళేటప్పుడు వేయండి, ఇంట్లో పడుకోబెట్టినప్పుడు తీసేయండి, చంటిపిల్లల ఒంట్లో ఎక్కువైన వేడి తల నుంచి కూడా పోతుంది, నిద్రలో కుల్లాయి ఉంటే ఒళ్ళు మరీ వేడెక్కే ప్రమాదం ఉంది. వాడేముందు ఒకసారి ఉతకడం మర్చిపోకండి.

ప్రశ్న: మిగిలిపోయిన ఊలుతో వేడి గిన్నెలు దించుకునే పట్టుగుడ్డలు అల్లాను. మొన్న ఇనప మూకుడు దించితే గుడ్డ కరిగి మూకుడికి అంటుకుపోయింది! ఊలు కరుగుతుందా? (విజయవాడ)

జవాబు: చేతికి ఏం కాలేదు కదా తల్లీ? ముందు ఆ గుడ్డలన్నీ వంటింట్లోంచి తీసేయండి. మన షాపుల్లో ఊలు అని అమ్మేది చాలావరకు అక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్ దారం. వేడికి కరుగుతుంది, కరిగి చర్మానికి అంటుకుంటే కాలిన గాయం ఇంకా పెద్దదవుతుంది. పొయ్యి దగ్గర వాడే దేనికైనా నూటికి నూరుపాళ్ళు కాటనే ఉండాలి, అదీ రెండు పొరలు కలిపి అల్లుకోవాలి.

లేబుల్ పోయిన ఉండలుంటే ఇలా తెలుసుకోండి. సింకులో స్టీలు పళ్ళెం పెట్టుకుని, రెండంగుళాల దారం ముక్క పట్టకారుతో పట్టుకుని అంటించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. గొర్రె ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన. అక్రిలిక్ అయితే కరిగి కొసన గట్టి నల్లపూస కడుతుంది, వెంటనే ముట్టుకోకండి. ఇక ఆ మిగిలిన అక్రిలిక్ ఊలుతో గుమ్మానికి తోరణాలు చేసుకోండి, ఎండకీ దుమ్ముకీ బాగానే తట్టుకుంటుంది, సబ్బునీళ్ళలో ముంచి తీస్తే మళ్ళీ కొత్తదానిలా ఉంటుంది.

ప్రశ్న: మా నాయనమ్మది నరసాపురం పక్క పల్లె. ఆవిడ అల్లిన లేసు టేబుల్ క్లాత్ నా దగ్గరుంది, పెట్టెలో ఉండి ఉండి పసుపెక్కింది. ఉతకాలంటే భయం. (బెంగళూరులో ఉంటున్న పాలకొల్లు అమ్మాయి)

జవాబు: నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆగాను తల్లీ. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లని ఇల్లు అరుదుగా ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది, తర్వాత ఆడవాళ్ళు ఇంటి అరుగుల మీద కూర్చునే అల్లిన లేసు విదేశాలకి ఎగుమతి అయింది. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని కలిపేవాళ్ళు, దాన్ని అతుకు పని అంటారు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కాబట్టి నీ దగ్గరున్నదాన్ని బ్లీచింగ్ జోలికి పోకుండా కాపాడుకో.

ముందు వెలుతురుకి పట్టి చూడు, దారం తెగినచోట్లు ఉంటే అదే రంగు సన్న దారంతో ఆ కన్నాలు అందుకుని కట్టేయాలి, లేకపోతే తడిశాక ఇంకా విడిపోతుంది. టబ్బులో గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా బట్టలకి వాడే మెత్తటి లిక్విడ్. అందులో పరిచి రెండు మూడు గంటలు వదిలెయ్. రుద్దకు, పిండకు. నీళ్ళు పచ్చగా దిగితే మార్చి మళ్ళీ నానబెట్టు, పాతది కాబట్టి రెండు మూడుసార్లు పట్టొచ్చు. తీసేటప్పుడు ఒక కొస పట్టుకుని ఎత్తకు, తడి బరువుకి దారాలు తెగుతాయి, కింద రెండు చేతులూ పెట్టి మొత్తంగా ఎత్తి తువ్వాలులో చుట్టి ఒత్తు.

తర్వాత గంజి. అన్నం వార్చిన గంజి పల్చగా వడకట్టి, చల్లారాక అందులో ఒకసారి ముంచి తియ్. దుప్పటి మీద తువ్వాలు పరిచి దాని మీద లేసు పెట్టి, మధ్యలోంచి అంచులకి చేత్తో సర్దుకుంటూ ప్రతి వంపు దగ్గరా తుప్పు పట్టని గుండుసూది గుచ్చు. ఆరాక చూస్తే నాయనమ్మ వేసిన పువ్వులు ఒక్కొక్కటీ విడివిడిగా తేలతాయి. మళ్ళీ పెట్టెలో దాచేదైతే మాత్రం గంజి పెట్టకుండానే దాచు, గంజికి పురుగు పడుతుంది. ప్లాస్టిక్ కవర్ వద్దు, పాత నూలు చీర ముక్కలో చుట్టు, ఏడాదికోసారి మడత మార్చు, ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే అక్కడే దారం చిరుగుతుంది. నన్నడిగితే పెట్టెలో దాచకుండా పండగలకైనా పరుచుకో.

ప్రశ్న: నేను అల్లిన కాటన్ సంచులు అందరూ బాగున్నాయంటున్నారు, ధర చెప్తే మాత్రం బజార్లో వందకే వస్తుంది కదా అంటున్నారు. ఎంత చెప్పాలి? (భీమవరం)

జవాబు: దారం ఖరీదు మీద పదో పరకో వేసి ఇచ్చేయకండి. సంచి మొదలుపెట్టినప్పుడూ ఆపినప్పుడూ టైము రాసిపెట్టుకోండి, మొత్తం ఎన్ని గంటలైతే అన్ని గంటలకి మీ ఊళ్ళో కుట్టుపని చేసేవాళ్ళకి ఎంత వస్తుందో కనీసం అంత కలపండి, దాని మీద దారం, కొరియర్. క్రోషియా కుట్లు చేత్తోనే పడాలి, అచ్చంగా చేతి క్రోషియాలా అల్లే మిషన్లు ఫ్యాక్టరీల్లో లేవు, బజార్లో తక్కువకి దొరుకుతోందంటే అది మిషను మీద నేసిన వేరే రకమైనా అయ్యుండాలి, లేదా ఎక్కడో ఎవరో ఆడమనిషికి కూలి సరిగ్గా ఇవ్వలేదనైనా అర్థం. మీ పక్కూళ్ళలోనే ముక్కకి ఇంతని తీసుకుని లేసు అల్లినవాళ్ళని అడగండి, మధ్యవాళ్ళకి మిగిలిందెంతో వాళ్ళకి మిగిలిందెంతో చెప్తారు. బేరమాడేవాళ్ళకి సంచి ధర తగ్గించకండి, చిన్న వస్తువు చూపించండి, సీసా సంచి, ఫోన్ పౌచ్, తాళాల గుత్తికి పువ్వు లాంటివి. గంటలో అయిపోతాయి కాబట్టి తక్కువకి ఇచ్చినా మీ కష్టం పోదు.

ఒకే రంగు సంచులకి ఆర్డర్ వస్తే దారం మొత్తం ఒకేసారి కొనేయండి, లేబుల్ మీద డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారాలకి ఇచ్చే నంబరు) అన్నిటికీ ఒకటే ఉండేలా చూసుకోండి. రంగు పేరు ఒకటే అయినా లాట్ మారితే ఛాయలో తేడా వస్తుంది, సగం సంచి అయ్యాక అది కనపడితే చేసేదేమీ ఉండదు. చేతి పట్టీ మాత్రం సింగిల్ క్రోషేలో బిగుతుగా అల్లండి, డబుల్స్‌తో వేస్తే కూరగాయల బరువుకి మోకాలి దాకా సాగుతుంది.

ప్రశ్న: గంట అల్లితే బొటనవేలి మొదట్లో, మణికట్టులో నొప్పి. మానేయమంటారా? (వరంగల్)

జవాబు: మానేయక్కర్లేదు కానీ నొప్పి మీద అల్లకండి. ఇరవై నిమిషాలకోసారి లేచి వేళ్ళు చాచి ముడుస్తూ ఉండండి, హుక్కుకి రబ్బరు పిడి ఉన్నది కొనండి, మోచేతుల కింద దిండు పెట్టుకోండి. హుక్కు గట్టిగా పిసికి పట్టుకుంటున్నారేమో చూసుకోండి, సన్న హుక్కుతో బిగుతుగా అల్లేవాళ్ళకే ఇది ఎక్కువ. రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా, వారం ఆపినా తగ్గకపోయినా డాక్టర్‌కి చూపించండి.